ఎంపీఎస్ పిల్లలకు మత్తు: ముక్కు నుంచి కెరీనా దాకా

రెండేళ్ల బాబు, కుడివైపు హెర్నియా, డే కేర్ కేసు. ఓటీ లిస్టులో రాసేది ఇంతే. పీఏసీలో (ఆపరేషన్‌కి ముందు అనస్థటిస్ట్ చేసే పరీక్షలో) కాస్త నిదానంగా చూస్తే మిగతాది బయటపడుతుంది. బొడ్డు దగ్గర ఇంకో హెర్నియా ఉంటుంది. ముక్కు ఎప్పుడూ కారుతూనే ఉంటుంది, చెవిలో చీము మందులకు తగ్గదు. తల పెద్దగా, ముక్కు దూలం అణిగిపోయి, నాలుక పళ్ల మధ్యకి వచ్చి ఉంటుంది. వేళ్లు పూర్తిగా చాపలేడు. కూర్చోబెడితే నడుము పైభాగంలో వెన్ను గూనిలా పొడుచుకొస్తుంది. తల్లిదండ్రులది మేనరికం. మ్యూకోపాలిశాకరిడోసిస్ (ఎంపీఎస్) ఉన్న పిల్లలు చాలాసార్లు జబ్బు పేరు తెలియకముందే హెర్నియా కోసమో, చెవిలో గ్రోమెట్ల (కర్ణభేరిలో పెట్టే చిన్న గొట్టాల) కోసమో సర్జన్ దగ్గరికి వస్తారు. లక్షణాలన్నీ కలిపి చూసే మొదటి మనిషి అనస్థటిస్ట్ కావడం అరుదేమీ కాదు. అలా అనుమానం వస్తే ఆ రోజుకి కేసు ఆపేయాలి. హెర్నియా ఇరుక్కుపోతే తప్ప అందులో తొందరేమీ లేదు.

కనెక్టివ్ టిష్యూ జబ్బులు అనగానే మార్ఫాన్, ఎహ్లర్స్-డాన్లాస్, ఆస్టియోజెనెసిస్ ఇంపర్‌ఫెక్టా గుర్తొస్తాయి. వాటి గురించి చివర్లో కొంత రాశాను. ఎయిర్‌వే (ఊపిరి దారి) పరంగా మాత్రం అవన్నీ ఒక ఎత్తు, ఎంపీఎస్ ఒక్కటీ ఒక ఎత్తు. గ్లైకోసమైనోగ్లైకాన్లను (గాగ్‌లను) లైసోజోముల్లో విరగ్గొట్టే ఎంజైముల్లో ఏదో ఒకటి లేకపోవడం వల్ల ఆ పదార్థం శరీరమంతా పేరుకుపోతుంది. ఏ ఎంజైమ్ లేదన్నదాన్ని బట్టి టైపులు: 1, 2, 3, 4, 6, 7, 9. 5, 8 నంబర్లు ఇప్పుడు వాడుకలో లేవు. హంటర్, అంటే టైప్ 2, ఎక్స్-లింక్డ్ కాబట్టి దాదాపు అందరూ మగపిల్లలే. మిగతావన్నీ ఆటోసోమల్ రిసెసివ్. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన జిల్లాల్లో ఈ జబ్బులను పుస్తకాల్లో మాత్రమే కనిపించేవి అనుకుంటే పొరపాటే.

టైపు తెలిస్తే సగం ప్లాన్ తయారైనట్టే. హర్లర్ (టైప్ 1), హంటర్, మారోటో-లామీ (టైప్ 6) పిల్లల్లో నాలుక, టాన్సిల్స్, అడినాయిడ్స్, ఎపిగ్లాటిస్ (స్వరపేటిక మీది మూత), దాని పక్కనుండే ఆరిఎపిగ్లాటిక్ మడతలు అన్నీ ఉబ్బి మందమై ఉంటాయి. మోర్కియో (టైప్ 4) పిల్లల్లో అసలు ప్రమాదం మెడలోనూ శ్వాసనాళంలోనూ ఉంటుంది. శాన్‌ఫిలిప్పో (టైప్ 3) పిల్లల్లో ఎయిర్‌వే మిగతావాళ్లంత కష్టం కాదు. వాళ్లతో ఇబ్బంది ప్రవర్తన, ఫిట్స్, చెప్పింది వినకపోవడం. రెండో సంగతి వయసు. గాగ్‌లు రోజురోజుకీ పేరుకుంటూనే ఉంటాయి కాబట్టి ఎయిర్‌వే ఏటేటా దిగజారుతుంది. చిన్నతనంలోనే మూలకణ మార్పిడి జరిగిన హర్లర్ పిల్లల్లో పరిస్థితి చాలా మెరుగ్గా ఉంటుంది. ఎంజైమ్ ఇంజెక్షన్లు తీసుకుంటున్నవాళ్ల విషయంలో అంత నమ్మకం పెట్టుకోకూడదు. కాలేయం తగ్గుతుంది, నడక మెరుగవుతుంది, ఎయిర్‌వే మాత్రం కష్టంగానే ఉండొచ్చు.

మామూలు డిఫికల్ట్ ఎయిర్‌వేలో, ఉదాహరణకి స్టిక్లర్ సిండ్రోమ్‌తో చిన్న దవడ ఉన్న పసిబిడ్డలో, అడ్డం ఒకచోట ఉంటుంది. నాలుక దాటి ట్యూబ్ గ్లాటిస్‌లోకి (స్వరతంతువుల మధ్య సందులోకి) వెళ్తే గండం గడిచినట్టే. ఎంపీఎస్‌లో అలా కుదరదు. ముక్కు రంధ్రాలు ఇరుకు. అడినాయిడ్స్ వెనక నుంచి మూసేస్తాయి. దవడ కీలు బిగుసుకుపోయి నోరు పూర్తిగా తెరుచుకోదు. మెడ పొట్టి, వంగదు. లారింక్స్ ఎత్తుగా, ముందుకి ఉంటుంది. దాని పైన మెత్తటి కణజాలం వేలాడుతూ గాలి పీల్చినప్పుడల్లా లోపలికి పడుతుంది. స్వరపేటిక దిగువన ఇరుకు, ఆ కింద ట్రకియోమలేషియా (శ్వాసనాళం గోడ మెత్తబడి కూలిపోవడం), ఇంకా కింద పక్కటెముకలు బిగుసుకుపోయి ఛాతీ సరిగా కదలకపోవడం. వీటన్నిటి మీదా జిగురులాంటి కఫం. మోర్కియోలో ఇంకో చిక్కు ఉంది. ఛాతీ పొడవు పెరగదు, శ్వాసనాళం మాత్రం పెరుగుతుంది. చోటు చాలక అది మెలికలు తిరిగి, ఛాతీలోకి దిగేచోట పెద్ద రక్తనాళాల కింద నలుగుతుంది. ఆ పిల్లలు తల వెనక్కి వాల్చి కూర్చోవడం ఊపిరి కోసం. వాళ్ల తల ముందుకు వంచామంటే శ్వాసనాళం మడతపడుతుంది.

అందుకే పీఏసీలో మాలంపాటి గ్రేడ్ (నోరు తెరిపించి గొంతు ఎంత కనిపిస్తుందో చూసి ఇచ్చే అంకె) చూసి సరిపెట్టడం దండగ. నిద్ర గురించి అడగండి. ఏ పక్కకు తిరిగి పడుకుంటాడు, కూర్చుని నిద్రపోతాడా, గురక మధ్యలో ఆగి ఉలిక్కిపడి లేస్తాడా. నిద్రలో వాళ్లమ్మ ఫోన్‌లో తీసిన అర నిమిషం వీడియో ఒక్కోసారి స్లీప్ స్టడీ కంటే ఎక్కువ చెప్తుంది. పిల్లాడు తనంతట తాను ఎంచుకున్న పొజిషన్ ఏదో అదే మన ఇండక్షన్ (మత్తు మొదలుపెట్టే) పొజిషన్. రెండు ముక్కు రంధ్రాల్లో దేన్నుంచి గాలి బాగా ఆడుతుందో చేత్తో మూసి చూసి రాసిపెట్టండి. పాత అనస్థీషియా రికార్డు దొరికితే అదృష్టమే. కానీ అందులో లారింగోస్కోపీ ‘గ్రేడ్ 1, సులువు’ అని ఉన్నా దాని తేదీ చూడాలి.

పరీక్షల్లో వదలకూడనివి మూడు. మొదటిది మెడ: మెలకువలో ఉండగా ముందుకు వంచి, వెనక్కి వాల్చి తీసిన ఎక్స్‌రేలు, వీలైతే ఎంఆర్ఐ. మోర్కియోలో ఓడొంటాయిడ్ (రెండో మెడ పూస మీది ఎముక కొన) ఎదగదు, మొదటి రెండు మెడ పూసల మధ్య పట్టు ఉండదు. హర్లర్, మారోటో-లామీల్లో పూస జారకపోయినా వెన్నుపాము చుట్టూ పొర మందమై పాము నలిగి ఉండొచ్చు. రెండోది ఎకో: కవాటాలు మందం, పల్మనరీ హైపర్‌టెన్షన్. మూడోది ఈఎన్‌టీ వాళ్లు మెలకువలోనే ముక్కు ద్వారా స్కోపు వేసి చూడటం. మోర్కియో అయితే మెడ, ఛాతీ సీటీ కూడా. ఇప్పటి స్కానర్లలో సెకన్లలో అయిపోతుంది కాబట్టి చాలామందికి మత్తు అక్కర్లేదు.

ఎకో నార్మల్ అని ధీమా పడకూడదు. హర్లర్ పిల్లల్లో కరోనరీ ధమనులు పొడవునా సన్నబడి ఉండొచ్చు, అది ఎకోలో కనిపించదు, ఈసీజీలోనూ కనిపించకపోవచ్చు. ఇండక్షన్‌లో డయాస్టాలిక్ ప్రెషర్ పడిపోయినప్పుడు గుండె ఆగేది ఇలాంటి పిల్లల్లోనే. ఎయిర్‌వే మీద దృష్టి పెట్టి సెవోఫ్లురేన్ (పీల్చే మత్తుమందు) 8% మీదే వదిలేసి బీపీ మరిచిపోవడం ఈ కేసుల్లో జరిగే మామూలు తప్పు.

చేయడం ఖాయమైతే, ఒకే మత్తులో ఎన్ని పనులు అవుతాయో చూడాలి. హెర్నియా, గ్రోమెట్లు, కార్పల్ టనెల్, పళ్లు, ఎంజైమ్ ఇంజెక్షన్ల కోసం పోర్ట్: వీటిలో రెండు మూడు కలపొచ్చు. అలాగని ఆరు గంటల కేసు చేయడం కూడా తెలివైన పని కాదు, ట్యూబ్ ఎంతసేపుంటే వాపు అంత. మొదటి కేసుగా, పగటిపూట, ఇద్దరు సీనియర్ అనస్థటిస్టులు, ట్రకియాస్టమీ చేయగల ఈఎన్‌టీ సర్జన్ గ్లవ్స్ వేసుకుని గదిలోనే ఉండగా, పీడియాట్రిక్ ఐసీయూలో బెడ్ ఖాయం చేసుకుని. వీటిలో ఒక్కటి లేకపోయినా పెద్ద సెంటర్‌కి పంపడం మేలు. మన దగ్గర అరుదైన జబ్బుల జాతీయ విధానం 2021 కింద హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీతో కలిసి నిమ్స్ సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌గా ఉంది. చికిత్సకి ఆ పథకంలో 50 లక్షల రూపాయల దాకా సాయం ఉంది. ఆపరేషన్ కోసం వచ్చి జబ్బు బయటపడ్డ పిల్లాడి తల్లిదండ్రులకి ఈ ముక్క చెప్పి పంపడం కూడా మన పనిలో భాగమే అనుకుంటాను.

కన్సెంట్‌లో ట్రకియాస్టమీ, ఐసీయూ, ట్యూబ్ వేయకుండానే లేపేసి వాయిదా వేయడం, ఈ మూడూ తెలుగులో చెప్పి రాయించాలి. వాయిదా అనేది ముందే చెప్పి ఉంటే ఆ క్షణంలో ఆగడం మనకీ సులువవుతుంది.

ఇక మందులు. మిడాజోలం వార్డులో ఇచ్చి పంపకూడదు. అమ్మని ఓటీలోకి రానివ్వడమే మంచి ప్రీమెడికేషన్. తప్పనిసరైతే మానిటర్ పెట్టి, ఆక్సిజన్ దగ్గర పెట్టుకుని, మనం పక్కనుండగా ఇవ్వాలి. కఫం ఆరడానికి గ్లైకోపైరోలేట్ ఐవీ కిలోకి 4 నుంచి 10 మైక్రోగ్రాములు, స్కోపు వేయడానికి కాస్త ముందుగానే. స్కోపు వేస్తూ ఇస్తే లాభం లేదు, లెన్స్ మీద జిగురు పరుచుకుని ఏమీ కనిపించదు. డెక్సామెథసోన్ కిలోకి 0.25 నుంచి 0.5 మి.గ్రా. మొదట్లోనే. ఐవీ కూడా మెలకువలోనే దొరికితే మంచిది. చర్మం మందం, వేళ్లు ముడుచుకుని ఉంటాయి కాబట్టి అల్ట్రాసౌండ్ దగ్గర పెట్టుకోండి.

ఊపిరి పిల్లాడిదే ఉండాలి. ఇండక్షన్ అంతటికీ మూలసూత్రం ఇదొక్కటే. సెవోఫ్లురేన్ నెమ్మదిగా పెంచుకుంటూ పోవడం ఒక దారి. కెటమిన్ కిలోకి 1 మి.గ్రా., అవసరమైతే ఇంకో డోసు, డెక్స్‌మెడిటోమిడిన్ కిలోకి 1 మైక్రోగ్రాము 10 నిమిషాల్లో, ఇది రెండో దారి. ప్రొపొఫాల్ ఒక్కసారిగా తోస్తే కండరాల బిగువు పోయి గొంతు మొత్తం కూలిపోతుంది. తల వైపు పైకెత్తి, పిల్లాడు కోరుకున్న పొజిషన్‌లో మొదలుపెట్టాలి. ముక్కులో కాన్యులా ద్వారా నిమిషానికి కిలోకి 2 లీటర్ల చొప్పున హై ఫ్లో ఆక్సిజన్ నడుస్తుంటే, ప్రయత్నాల మధ్య సాచురేషన్ పడిపోయే వేగం తగ్గుతుంది.

మత్తు లోతయ్యేకొద్దీ అడ్డం వస్తుంది, వచ్చి తీరుతుంది. అప్పుడు చెయ్యి అలవాటుగా గూడెల్ ఎయిర్‌వే (నోట్లో పెట్టే వంపు గొట్టం) వైపు వెళ్తుంది. ఈ పిల్లల్లో అది చాలాసార్లు ఎదురు తిరుగుతుంది. పొడవుగా మందంగా ఉన్న ఎపిగ్లాటిస్‌ని అది కిందికి నొక్కి గ్లాటిస్ మీద మూత వేసేస్తుంది. ముందు మెడ కదపకుండా దవడని రెండు చేతులతో ముందుకి తెచ్చి, మాస్క్ ఒకరు పట్టుకుని బ్యాగ్ ఇంకొకరు పిండుతూ, 5 నుంచి 10 సెం.మీ. సీపాప్ (ఆగకుండా ఉండే గాలి ఒత్తిడి) ఇవ్వండి. చాలకపోతే ముక్కులో ఆక్సీమెటజోలిన్ చుక్కలు వేసి, జెల్లీ పూసిన మెత్తటి నేసోఫారింజియల్ ఎయిర్‌వే (ముక్కులోంచి గొంతు దాకా వెళ్లే గొట్టం), బాగా గాలాడే వైపు నుంచి. దాని పొడవు ఎక్కువైనా గూడెల్ చేసే పనే చేస్తుంది కాబట్టి, పెట్టాక కాప్నోగ్రాఫ్ (వదిలిన గాలిలో కార్బన్ డయాక్సైడ్ చూపే గీత) చూస్తూ అర సెంటీమీటరు చొప్పున వెనక్కి తీసి సరిచేయాలి. పక్కకి తిప్పి పడుకోబెట్టడం కూడా పనిచేస్తుంది. అప్పటికీ కుదరకపోతే సుప్రాగ్లాటిక్ డివైస్ (స్వరపేటిక పైన ఆనే గొట్టం), దానితోనూ కాకపోతే సెవో ఆపి లేపేయడం.

కండరాలు వదులు చేసే మందు (రిలాక్సెంట్) సంగతి చాలామంది అడుగుతారు. రోక్యురోనియం ఇచ్చినా దాన్ని తిప్పడానికి కిలోకి 16 మి.గ్రా. సుగమాడెక్స్ ఉంది కదా అని. సుగమాడెక్స్ తిప్పేది ఆ రోక్యురోనియాన్ని మాత్రమే. నాలుక సైజునీ వాచిన ఎపిగ్లాటిస్‌నీ అది తిప్పదు, అప్పటికే ఇచ్చిన మత్తుమందునీ తిప్పదు. లారింగోస్పాజమ్ (స్వరతంతువులు బిగుసుకుని మూసుకోవడం) అని తేలితే రిలాక్సెంట్ ఇవ్వడం సబబే. మలేషియా ఉన్న శ్వాసనాళంలో కండరాల బిగువు తీసేస్తే ఉన్న దారీ మూసుకుపోవచ్చు. వెంటిలేషన్ అవుతుందని చూసుకున్నాకే ఇవ్వాలన్నది నా పట్టుదల.

లిగ్నోకేయిన్ లెక్క ఒకసారి చేసి చూద్దాం, ఎందుకంటే ఇక్కడ చేతికొచ్చినట్టు కొట్టేస్తారు. పిల్లాడు 12 కిలోలు. గరిష్ఠం కిలోకి 4 మి.గ్రా. అనుకుంటే మొత్తం 48 మి.గ్రా. 4% మందులో మిల్లీలీటరుకి 40 మి.గ్రా. ఉంటుంది, అంటే 1.2 మి.లీ. దాటకూడదు. 10% స్ప్రే ఒక్కో నొక్కుకి 10 మి.గ్రా., నాలుగు నొక్కులతో కోటా దాదాపు అయిపోయినట్టే. ఇక నేసోఫారింజియల్ ఎయిర్‌వేకి పూసిన 2% జెల్లీ, ఒక మిల్లీలీటరులో 20 మి.గ్రా., అదీ ఈ లెక్కలోదే. ముందుగా సిరంజిలో ఆ 48 మి.గ్రా. తీసి పెట్టుకుని, అందులోంచే అన్నీ వాడితే లెక్క తప్పదు.

ట్యూబ్ సైజుకి వయసు ఫార్ములా నమ్మకూడదు. ఆరేళ్ల మోర్కియో పిల్లకి కఫ్ ఉన్న ట్యూబ్ లెక్క ప్రకారం 6/4 + 3.5, అంటే 5.0. ఆ పిల్ల ఎత్తు మూడేళ్ల పిల్లంత ఉంటుంది. ట్రే మీద 4.5 నుంచి 3.0 దాకా అన్నీ ఉండాలి, మొదట చేతిలోకి తీసుకునేది ఫార్ములా కంటే ఒకటి రెండు సైజులు చిన్నది. లోతు కూడా అంతే. వయసు/2 + 12 అనుకుని 15 దగ్గర కట్టేస్తే ట్యూబ్ కుడి బ్రాంకస్‌లో ఉండొచ్చు. స్కోపు ఎలాగూ చేతిలో ఉంటుంది, కెరీనా (శ్వాసనాళం రెండుగా చీలేచోటు) చూసి కట్టండి. కఫ్ ప్రెషర్ 20 సెం.మీ. లోపే.

ఎన్నిసార్లు ప్రయత్నించాలన్నది ముందే అందరికీ వినిపించేలా చెప్పుకోవాలి. 2016లో లాన్సెట్ రెస్పిరేటరీ మెడిసిన్‌లో వచ్చిన పీడీఐ రిజిస్ట్రీ (పిల్లల్లో కష్టమైన ఇంట్యుబేషన్ల నమోదు) లెక్కల్లో, ఇంట్యుబేషన్ కష్టమైన 1,018 మంది పిల్లల్లో 20 శాతం మందికి ఏదో ఒక కాంప్లికేషన్ వచ్చింది, 15 మందికి గుండె ఆగింది. రెండు ప్రయత్నాలు దాటితే ముప్పు పెరిగింది. 10 కిలోల లోపు పిల్లల్లోనూ అంతే. డైరెక్ట్ లారింగోస్కోపీతో మళ్లీ మళ్లీ చూసి తర్వాత వేరే పద్ధతికి మారినవాళ్లలో కూడా. ఎంపీఎస్‌లో ప్రతి ప్రయత్నానికీ వాపు పెరుగుతుంది. ఒకసారి మాస్క్‌తో వచ్చిన వెంటిలేషన్ మూడో ప్రయత్నం తర్వాత రాకపోవచ్చు. అందుకే డైరెక్ట్ లారింగోస్కోపు ట్రే మీద ఉన్నా, చేతిలోకి తీసుకోవాల్సింది వీడియో లారింగోస్కోపో ఫైబర్ ఆప్టిక్ స్కోపో. వీడియోలో గ్లాటిస్ చక్కగా కనిపించి, ట్యూబ్ మాత్రం అక్కడికి చేరకపోవడం మామూలే. చేరినా స్వరపేటిక దిగువన ఆగిపోవచ్చు. ఒకరు వీడియో పట్టుకుని ఇంకొకరు స్కోపు నడిపితే ఆ మొదటి బాధ తీరుతుంది. మెడ మాత్రం మూడో మనిషి చేతుల్లో నిటారుగా కదలకుండా ఉండాలి.

నాకు అన్నిటికంటే నమ్మకమైన దారి సుప్రాగ్లాటిక్ డివైస్ గుండా స్కోపు. పిల్లాడు ఊపిరి పీలుస్తూనే ఉంటాడు, సెవో నడుస్తూనే ఉంటుంది, మన చేతులకి తొందర ఉండదు. ఐ-జెల్ సైజు 1.5 గుండా 4.0 ట్యూబ్, సైజు 2 గుండా 5.0 దాకా వెళ్తుంది. ఔరాగెయిన్ 1.5, 2 సైజుల్లోనూ అవే కొలతలు. 2.8 మి.మీ. స్కోపు 3.5 ట్యూబ్‌లో దూరుతుంది. స్కోపుకీ ట్యూబుకీ మధ్య సందు ఎక్కువుంటే ట్యూబ్ అంచు ఎరిటినాయిడ్‌కి (స్వరపేటిక వెనక ఉండే మృదులాస్థికి) తగులుకుంటుంది. అప్పుడు తోయకుండా కాస్త వెనక్కి తీసి, గడియారం ముల్లుకి ఎదురు దిశలో 90 డిగ్రీలు తిప్పి మళ్లీ దించాలి.

తల ప్రాణం తోకకొచ్చేది ట్యూబ్ లోపలికి వెళ్లిన తర్వాత, డివైస్ బయటికి తీసేటప్పుడు. పిల్లల ట్యూబులు పొట్టివి. డివైస్ లాగుతుంటే ట్యూబ్ పైకొన దానిలోకి మునిగిపోతుంది, పట్టుకోవడానికి ఏమీ మిగలదు, డివైస్‌తో పాటే ట్యూబూ వచ్చేస్తుంది. దానికి తోడు కఫ్ ట్యూబ్ పైలట్ బెలూన్ ఇరుకైన డివైస్ గొట్టంలో పట్టకపోవచ్చు. ఇదంతా పిల్లాడిని ఓటీలోకి తేకముందే ట్రే మీద చేసి చూసుకోవాలి. అనుకున్న ట్యూబుకి జెల్లీ రాసి అనుకున్న డివైస్‌లో దించండి. గిన్నె దాటి ఎంత బయటికి వచ్చిందో చూడండి, పైలట్ బెలూన్ దూరిందో లేదో చూడండి. 15 మి.మీ. కనెక్టర్ ఊడదీసి మళ్లీ పెట్టడం సులువుగా అవుతుందో లేదో కూడా. తర్వాత అదే సైజు ఇంకో ట్యూబ్‌ని మొదటిదాని తలమీద ఆనించి, దానితో లోపలి ట్యూబ్‌ని ఆపి ఉంచుతూ డివైస్‌ని దాని మీదుగా జార్చి తీయడం సాధన చేయండి. అరగంట కేసైతే నేను అసలు డివైస్ తీయను. కఫ్ ఉన్న రకమైతే గాలి తగ్గించి అక్కడే వదిలేయడంలో తప్పేమీ లేదు.

ముక్కు ద్వారా ట్యూబ్ వద్దు. అడినాయిడ్స్ మీద గీరితే రక్తం, రక్తం పడితే స్కోపుకి ఏమీ కనిపించదు. పెద్దపిల్లల్లో, ముఖ్యంగా మోర్కియోలో, తెలివితేటలు మామూలుగానే ఉంటాయి. కూర్చోబెట్టి, మాట్లాడుతూ, కొద్దిపాటి డెక్స్‌మెడిటోమిడిన్‌తో మెలకువలోనే నోటి ద్వారా స్కోపు వేయడం పన్నెండేళ్ల పిల్లతో సాధ్యమే.

ట్యూబూ పడలేదు, వెంటిలేషనూ రాలేదు, సాచురేషన్ జారుతోంది. ఈఎన్‌టీ ఉన్నారు కదా అనుకుంటాం. మెడ పొట్టి, శ్వాసనాళం మాన్యూబ్రియం (రొమ్ము ఎముక పైభాగం) వెనక లోతుగా, దాని మీద మందమైన కణజాలం. అత్యవసర ట్రకియాస్టమీ ఇక్కడ నిమిషాల్లో అయ్యే పని కాదు. చేయగలిగినా, ఇరుకు ఇంకా కింద ఉంటే మామూలు పొడవు ట్రకియాస్టమీ ట్యూబ్ దాన్ని దాటదు. ఫ్లాంజ్ జరుపుకునే పొడవాటి ట్యూబ్ గదిలో ఉండాలి. రిజిడ్ బ్రాంకోస్కోపుకి మెడ వెనక్కి వాలాలి, మోర్కియోలో దాని ఖరీదు వెన్నుపాము. మెడ ముందునుంచి దారి తెరవొచ్చనే భరోసా చాలా తక్కువ కాబట్టే వెంటిలేషన్ బాగున్నప్పుడే ఆగి లేపే నిర్ణయం తీసుకోవాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకునే వ్యవధి ఉండదు.

కేసు నడుస్తున్నంతసేపూ బీపీ. కరోనరీల సంగతి చెప్పాను, ఇంకోటి వెన్నుపాము. గూని దగ్గరో మెడ దగ్గరో ముందే నలిగి ఉన్న పాముకి ప్రెషర్ పడిపోతే రక్తం అందదు. వెన్నుకి సంబంధం లేని ఆపరేషన్ల తర్వాత కాళ్లు పడిపోయిన కేసులు నమోదై ఉన్నాయి. మీన్ ప్రెషర్ మెలకువలో ఉన్నదానికి దగ్గర్లోనే ఉంచండి. గూని కింద మెత్త పెట్టండి, మెడ తటస్థంగా ఉందో లేదో డ్రేప్ వేసేముందు మళ్లీ చూడండి. పొడవైన కేసుల్లో న్యూరోమానిటరింగ్ పెట్టడం మంచిది. ఎపిడ్యూరల్ వైపు నేను వెళ్లను. మందు సరిగా పాకదు, పాము ఎక్కడ నలిగి ఉందో తెలియని చోట సూది, పైగా కాళ్లు కదలకపోతే కారణం మందా పామా అని తేలదు. హెర్నియాకి అల్ట్రాసౌండ్ చూస్తూ ఇలియోఇంగ్వైనల్ బ్లాక్, పారాసెటమాల్ కిలోకి 15 మి.గ్రా. సరిపోతాయి.

ఎంఆర్ఐ కోసం మత్తంటే చిన్న పని అనుకుంటారు. అక్కడ తల పక్కన చోటుండదు, వెల్లకిలా పడుకోవాలి, సాయానికి మనుషులు దూరం. ఎయిర్‌వే ఓటీలో భద్రపరిచి ఆ తర్వాత అక్కడికి తీసుకెళ్లాలి. ఆర్మర్డ్ ట్యూబులో లోహపు తీగ ఉంటుంది, ఎంఆర్ఐకి పనికిరాదు. మామూలు ట్యూబ్ పైలట్ వాల్వ్‌లోనూ చిన్న స్ప్రింగ్ ఉంటుంది. మెడ స్కాన్ చేస్తున్నప్పుడు దాన్ని దూరంగా టేపుతో అంటించకపోతే బొమ్మ పాడవుతుంది.

ట్యూబ్ తీయడం గురించి పుస్తకాల్లో రెండు పంక్తులే ఉంటాయి కానీ, కష్టంలో సగం అక్కడే. కఫ్ గాలి తీసి లీక్ ఉందో లేదో వినండి. లీక్ లేకపోతే ఆ రోజు తీయకుండా ఐసీయూకి. తీసేదైతే ఓటీలోనే, పూర్తి మెలకువలో, తల వైపు పైకెత్తి, ఈఎన్‌టీ ఇంకా గదిలో ఉండగా. ముక్కులో నేసోఫారింజియల్ ఎయిర్‌వే ముందే పెట్టి ఉంచితే ట్యూబ్ తీసిన వెంటనే ఒక దారి ఉంటుంది. ఎక్స్ఛేంజ్ కాథెటర్ (ట్యూబ్ మళ్లీ వేయడానికి దారిగా ఉంచే సన్న గొట్టం) వదలాలనుకుంటే 8 ఫ్రెంచ్‌కి కనీసం 3.0 ట్యూబ్, 11కి 4.0, 14కి 5.0 ఉండాలి. కాథెటర్ కొన కెరీనా కిందికి పోకూడదు, దాని గుండా ఒత్తిడితో ఆక్సిజన్ కొట్టకూడదు, న్యూమోథొరాక్స్ వస్తుంది. స్ట్రైడర్ (ఊపిరి పీల్చేటప్పుడు కీచు శబ్దం) వస్తే 1:1000 అడ్రినలిన్ కిలోకి 0.5 మి.లీ., గరిష్ఠంగా 5 మి.లీ., నెబులైజర్‌లో. మూసుకున్న గొంతుకి ఎదురు గట్టిగా పీల్చి ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కూడా ఇప్పుడే జరుగుతుంది. రికవరీలో గంటసేపు బాగున్నాడని వార్డుకి పంపకండి. వాపు కొన్ని గంటల తర్వాత కూడా పెరగొచ్చు. ఆ రాత్రి ఐసీయూలోనే, రోజూ సీపాప్ వాడే పిల్లాడైతే ఆ మెషీన్‌తో సహా.

మిగతా జబ్బుల గురించి టూకీగా. ఆస్టియోజెనెసిస్ ఇంపర్‌ఫెక్టాలో లారింక్స్ కనిపించడం సాధారణంగా కష్టం కాదు, మన చేతులే ప్రమాదం. బీపీ కఫ్ బిగుసుకుంటే చెయ్యి విరగొచ్చు, కింద దూది చుట్టి, వ్యవధి పెంచాలి. సక్సినైల్‌కోలిన్ వణుకుకి ఎముకలు విరుగుతాయి. పళ్లు పొడిపొడిగా రాలుతాయి. పుర్రె అడుగుభాగం మెడ పూసల మీదకి కుంగి ఉండొచ్చు కాబట్టి మెడ వెనక్కి వంచకుండా వీడియో లారింగోస్కోపు, లేదా సుప్రాగ్లాటిక్‌తో సరి. ఒళ్లు వేడెక్కితే కంగారు పడకండి, అది మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా (కొన్ని మత్తుమందులకి ఒళ్లు ప్రాణాంతకంగా వేడెక్కడం) కావడం అరుదు. వార్మర్ ఆపి చల్లబరిస్తే దిగుతుంది, అయినా కార్బన్ డయాక్సైడ్ మీద కన్నేసి ఉంచాలి.

ఎహ్లర్స్-డాన్లాస్ పిల్లల్లో దవడ ముందుకి తెచ్చేటప్పుడు కీలు జారిపోతుంది, కేసు అయ్యాక నోరు మూసుకుంటుందో లేదో చూసి పంపాలి. వాస్క్యులర్ టైపులో గుడ్డిగా సెంట్రల్ లైన్ ప్రయత్నించకూడదు. మార్ఫాన్‌లో అంగిలి ఎత్తుగా ఉన్నా ట్యూబ్ మామూలుగానే పడుతుంది. అక్కడ లారింగోస్కోపీకి బీపీ ఎగరకుండా చూడటం అయోర్టా కోసం, వెంటిలేటర్ ప్రెషర్ తక్కువగా పెట్టడం న్యూమోథొరాక్స్ రాకుండా. లోయ్స్-డీట్జ్‌లో చీలిన కొండనాలుక కనిపిస్తే మెడ ఎక్స్‌రే తీయించాకే ముందుకెళ్లండి.

చివరగా కాగితం. మన దగ్గర పిల్లలు ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి ఫైలు చంకన పెట్టుకుని తిరుగుతారు, అనస్థీషియా షీటు మాత్రం పాత ఆస్పత్రి రికార్డు రూములోనే ఉండిపోతుంది. డిశ్చార్జ్ సమ్మరీలో ‘డిఫికల్ట్ ఎయిర్‌వే’ అన్న రెండు ముక్కల వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ఇలా రాసివ్వండి: “ఎంపీఎస్ టైప్ 1. వయసు 2 ఏళ్ల 4 నెలలు, 12 కిలోలు. మాస్క్ వెంటిలేషన్ ఇద్దరితో వచ్చింది. గూడెల్ పెడితే ఆగిపోయింది, కుడి ముక్కులో నేసోఫారింజియల్ పెట్టాక బాగుంది. ఐ-జెల్ 2తో వెంటిలేషన్ బాగుంది. వీడియోలో ఎపిగ్లాటిస్ మాత్రమే కనిపించింది. ఐ-జెల్ గుండా 2.8 స్కోపుతో 3.5 కఫ్ ట్యూబ్, ఒకే ప్రయత్నంలో పడింది. అంతకుముందు 4.0 స్వరపేటిక దిగువన ఆగింది. ట్యూబ్ తీశాక స్ట్రైడర్, అడ్రినలిన్ రెండుసార్లు, మర్నాటి దాకా ఐసీయూ.” ఇంగ్లిష్‌లో ఒకటి, తెలుగులో ఒకటి, లామినేట్ చేయించి ఇచ్చి, వాళ్ల ఫోన్‌లో ఫొటో తీయించండి. పైన తేదీ పెద్దక్షరాల్లో ఉండాలి. రెండేళ్ల తర్వాత ఆ కాగితం చూసేవాళ్లు అప్పుడు పడిన 3.5 ఇప్పుడూ పడుతుందని అనుకోకుండా, అక్కడినుంచి ఎంత దిగజారి ఉంటుందో లెక్కేసుకోవడానికి.